తంతి నుంచి తరంగం దాకా: టెలికాం పీజీ చదువు ఎవరికి? ఎందుకు?

ఇంజనీరింగ్ చివరి ఏడాది ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో ఒక చర్చ తప్పకుండా నడుస్తుంది. ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ బ్రాంచి పూర్తి చేసిన పిల్లలు ఇక ఏ దారి పట్టాలి? దొరికిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోవాలా, లేక అదే శాస్త్రంలో ఇంకో రెండేళ్లు ఎం.టెక్ చదవాలా? తండ్రి ఖర్చు లెక్క వేస్తాడు. తల్లి ఆడపిల్ల వయసు లెక్క వేస్తుంది. పక్కింటివారు తమ బంధువుల అబ్బాయి జీతం లెక్క చెబుతారు. ఇన్ని లెక్కల మధ్య అసలు లెక్క ఒకటి మరుగున పడిపోతుంది. ఆ రెండేళ్లలో పిల్లవాడు నేర్చుకునేది ఏమిటి? దాని విలువ ఎంత?

తాలీమ్‌ను గౌరవించే సమాజం మనది. అయితే గౌరవించడం వేరు, గ్రహించడం వేరు. పేరు తెలియని చదువుకు లక్షలు పోసేవారు, పేరు తెలిసిన చదువును అనవసరంగా భయపడి వదిలేసేవారు మనలో ఇద్దరూ ఉన్నారు. కనుక టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్‌లో పోస్టు గ్రాడ్యుయేషన్ అంటే ఏమిటో, దాని గడప ఎంత ఎత్తుందో, లోపల ఏముందో ఈ వారం వివరంగా చూద్దాం.

అసలు ఏమి చదువుతారు?

నడివయసు దాటిన పాఠకులకు టెలిగ్రాం గుర్తుండే ఉంటుంది. తంతి తపాలా ఉద్యోగి గుమ్మం ముందు నిలబడితే ఇంట్లో గుండెలు దడదడలాడేవి. మాటకు ఇంత అని రుసుము కట్టాలి కనుక కబురు పంపేవారు ఒక్క మాట కూడా వృథా చేసేవారు కాదు. ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’. నాలుగే మాటలు. ఉత్తరంలో నాలుగు పేజీలు రాసినా అంతకంటే ఎక్కువ చెప్పలేరు. ఇక పండుగ శుభాకాంక్షలకైతే తంతి కార్యాలయంలో ఒక పట్టికే ఉండేది. ఈద్ ముబారక్‌కు ఒక అంకె, పెళ్లి దీవెనకు ఒక అంకె. తంతి మీద వెళ్లేది అంకె మాత్రమే. అవతలి ఊరి గుమాస్తా ఆ అంకెను చూసి పూర్తి వాక్యం రాసి ఇచ్చేవాడు.

ట్రంక్‌కాల్ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. గరగర శబ్దంలో మాట వినపడదు. అందుకని చెప్పిందే మూడుసార్లు చెప్పేవారు. ‘బి, బి ఫర్ బొంబాయి’ అని అక్షరానికి ఒక ఊరి పేరు జోడించేవారు. ఇక్కడ పొదుపు పనికిరాదు. కావాలని ఎక్కువ మాటలు వాడితేనే కబురు చెడిపోకుండా చేరుతుంది.

టెలికమ్యూనికేషన్ శాస్త్రంలో సగభాగం ఈ రెండు పనులే. మొదటిది, కబురులోని అనవసరాన్ని తీసేసి కుదించడం. రెండవది, దారిలో చెడిపోకుండా ఉండటానికి ఆలోచించి కొంత అదనం చేర్చడం. ఫోనులో ఫొటో పంపినప్పుడు ఈ రెండూ రెప్పపాటులో జరుగుతాయి. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసింది. కానీ టెలిగ్రాం పంపినవారి తెలివి ప్రతి సెల్‌ఫోనులోనూ బతికే ఉంది.

ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టడం ఈ విద్యకు పునాది. మోర్స్ కోడ్‌లో ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే ‘ఇ’ అక్షరానికి ఒకే ఒక చుక్క కేటాయించింది అందుకే. అక్షరాల తరచుదనాన్ని లెక్కించి రహస్య లిపిని విప్పవచ్చని 9వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ తన గ్రంథంలో వివరించాడు. ఆయన రాసినది సెల్‌ఫోను కోసం కాదు. అయినా భాషను అంకెలతో తూచవచ్చన్న ఆలోచన ఎంత పాతదో విద్యార్థులు తెలుసుకోవడం మంచిది.

హద్దు చెప్పిన శాస్త్రం

1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న క్లాడ్ షానన్ అనే 32 ఏళ్ల యువకుడు ఒక వ్యాసం ప్రచురించాడు. నేటి కమ్యూనికేషన్ శాస్త్రమంతా దాని మీదనే నిలిచి ఉంది. ఏ తంతి అయినా, ఏ తరంగమైనా సెకనుకు ఎంత సమాచారాన్ని పొరపాటు లేకుండా మోయగలదో ఆయన గణితంతో తేల్చాడు. దారి వెడల్పు ఎంత, సంకేతం బలం రొద కంటే ఎన్ని రెట్లు ఎక్కువ అన్న రెండు విషయాలు తెలిస్తే చాలు, ఆ హద్దు చెప్పవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత టెలిఫోను లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ధ్వనిని మోస్తుంది. అంటే వెడల్పు 3,100. సంకేతం రొద కంటే 1,000 రెట్లు బలంగా ఉందనుకుంటే, షానన్ సూత్రం ప్రకారం ఆ లైను సెకనుకు సుమారు 31,000 బిట్లు మోయగలదు. 1990లలో ఇంటర్నెట్ కోసం కీచుమని అరిచిన మోడెములు 33,600 బిట్ల దగ్గరకు చేరడానికి లైను ఎంతో శుభ్రంగా ఉండవలసి వచ్చింది. దాదాపు 50 ఏళ్ల ముందే ఒక కాగితం మీద రాసిన హద్దు అది.

ఇలాంటి హద్దును చెప్పినవారిలో మన తెలుగువాడు కూడా ఉన్నాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరూ సి.ఆర్.రావు అంటారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తి చేసి, కలకత్తా వెళ్లి సంఖ్యాశాస్త్రం నేర్చారు. 1945లో, పాతికేళ్ల వయసులో, రొదతో కలిసి వచ్చిన కొలతల నుంచి అసలు విలువను ఊహించేటప్పుడు పొరపాటును ఎంతవరకు తగ్గించవచ్చో, అంతకు మించి ఎందుకు తగ్గించలేమో నిరూపించారు. రాడార్ దూరాన్ని అంచనా వేయాలన్నా, ఫోను ఎక్కడుందో కనిపెట్టాలన్నా ‘క్రామర్-రావు హద్దు’ను ఎం.టెక్ విద్యార్థి ప్రపంచంలో ఎక్కడైనా చదవవలసిందే. 2023లో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. అదే సంవత్సరం ఆయనకు సంఖ్యాశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి లభించింది.

గణితమనే గడప

ఇక్కడే అసలు పరీక్ష మొదలవుతుంది. ఎం.టెక్ మొదటి సెమిస్టరులో సంభావ్యత, యాదృచ్ఛిక ప్రక్రియలు, లీనియర్ ఆల్జీబ్రా, డిజిటల్ కమ్యూనికేషన్ అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. బి.టెక్‌లో ‘ముఖ్యమైన ప్రశ్నలు’ బట్టీపట్టి గట్టెక్కినవారు ఈ గడప దగ్గరే తడబడతారు. రొద అంటే ఏమిటి? ఏ క్షణాన ఎంత ఉంటుందో ముందుగా చెప్పలేనిది. చెప్పలేనిదాని గురించి నమ్మకంగా చెప్పగలిగే విద్యే సంభావ్యత. అది రాకుండా కమ్యూనికేషన్ చదవడం, వ్యాకరణం రాకుండా తఫ్సీర్ చదవబోవడం లాంటిది.

మన పిల్లల్లో ఉర్దూ మీడియంలోనో, తెలుగు మీడియంలోనో పదో తరగతి దాటినవారు ఇంగ్లీషును చూసి జంకుతారు. జంకవలసిన అవసరం లేదని మేము ఖచ్చితంగా చెబుతాం. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదట ఉర్దూ మాధ్యమంలోనే సైన్సును, తర్వాత ఇంజనీరింగును బోధించింది. దాని కోసం అనువాద శాఖను ప్రత్యేకంగా నడిపి వేలాది శాస్త్ర పదాలు తయారు చేయించింది. విజ్ఞానం ఏ ఒక్క భాష సొత్తూ కాదనడానికి హైదరాబాదే సాక్ష్యం. నేటి పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నా, సమీకరణాలు ఏ భాషలోనైనా ఒక్కటే. భాష ఆరు నెలల్లో లొంగుతుంది. గణితాన్ని వాయిదా వేస్తే మాత్రం అది రెండేళ్లూ వెంటాడుతుంది. అందుకే ఎం.టెక్‌లో చేరాలనుకునేవారు బి.టెక్ మూడవ ఏడాదిలోనే సంభావ్యతను మళ్లీ మొదటి నుంచి, లెక్కలు చేతితో చేస్తూ చదవాలి.

ఉస్తాద్, షాగిర్ద్

ఈ చదువు ఎంత ఓర్పు కోరుతుందో చెప్పడానికి ఒక గురుశిష్యుల చరిత్ర చాలు. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ గాలగర్ అనే పరిశోధక విద్యార్థి, దారిలో చెడిన కబురును సరిదిద్దే కొత్త కోడ్‌ను తన సిద్ధాంత గ్రంథంలో ప్రతిపాదించాడు. ఎల్‌డీపీసీ అని దాని పేరు. దాన్ని నడిపే శక్తి అప్పటి కంప్యూటర్లకు లేదు. దాదాపు 30 ఏళ్లు ఆ గ్రంథాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1990లలో మళ్లీ వెలుగులోకి వచ్చింది.

ఆ గాలగర్ తర్వాత అక్కడే ఆచార్యుడయ్యాడు. ఆయన దగ్గర 1985లో డాక్టరేటు పూర్తి చేసిన వారిలో ఎర్దాల్ అరికాన్ అనే టర్కీ యువకుడు ఒకడు. అరికాన్ స్వదేశానికి తిరిగి వెళ్లి 1987 నుంచి అంకారాలోని బిల్కెంట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, షానన్ చెప్పిన హద్దును నిజంగా చేరుకునే కోడ్‌ను ఎలా కట్టాలన్న ఒక్క ప్రశ్నను ఏళ్ల తరబడి మోశాడు. 2009లో ‘పోలార్ కోడ్స్’ పేరుతో ఆయన వ్యాసం వెలువడింది. హద్దును చేరుతుందని గణితపరంగా రుజువై, ఆచరణలో కట్టడానికి వీలైన మొదటి కోడ్ అదే. 2019లో ఆయనకు షానన్ పేరిట ఇచ్చే అవార్డు లభించింది.

ఈ రోజు ఏ 5జీ ఫోను తీసుకున్నా, అందులో మన సమాచారాన్ని మోసే మార్గంలో ఉస్తాద్ కోడ్ పనిచేస్తుంది. ఆ ఫోనుకు, టవరుకు మధ్య ఆజ్ఞలు మోసే మార్గంలో షాగిర్ద్ కోడ్ పనిచేస్తుంది. ఒకరి శ్రమ 30 ఏళ్లు మూలన పడింది. ఇంకొకరి శ్రమ ఫలించడానికి 20 ఏళ్లు పట్టింది. నెల జీతంతోనే చదువును తూచేవారు ఈ చరిత్రను ఒకసారి తలచుకోవాలి.

మన పల్లె అడిగిన ప్రశ్న

ఇదంతా పరాయి దేశాల ముచ్చట అనుకోనక్కరలేదు. 5జీ ప్రమాణాలు తయారవుతున్నప్పుడు పల్లె ప్రాంతాల్లో టవరుకు, టవరుకు మధ్య సుమారు 1.7 కిలోమీటర్ల దూరం ఉంటుందన్న లెక్కతో పరీక్షలు రూపొందాయి. మన దేశంలో పల్లెల మధ్య అన్ని టవర్లు నిలబెట్టడం సాధ్యమా? కాదు. 6 కిలోమీటర్ల దూరం ఉన్నా పనిచేయాలన్న పరీక్షను కూడా చేర్చాలని భారత్ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌ను కోరి 2017లో ఒప్పించింది. దానికి తగినట్టు సంకేతాన్ని మలిచే పద్ధతిని రూపొందించడంలో మన ఐఐటీ హైదరాబాద్ పాలుపంచుకుంది. భారత్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని 2020లో యూనియన్ ఆమోదించింది. తర్వాత అది ప్రపంచమంతా వాడే ఉమ్మడి ప్రమాణాల్లో కలిసింది.

2022 మే 17న ప్రారంభమైన దేశీయ 5జీ పరీక్షా కేంద్రాన్ని సుమారు 220 కోట్ల రూపాయలతో ఎనిమిది సంస్థలు కలిసి నిర్మించాయి. ఐఐటీ మద్రాస్ నాయకత్వం వహించింది. హైదరాబాద్ ఐఐటీ అందులో ఒకటి. ఇలాంటి పనుల్లో చేతులు కలిపేది పెద్ద ప్రొఫెసర్లు మాత్రమే కాదు. ప్రయోగశాలల్లో రాత్రింబవళ్లు కూర్చునే ఎం.టెక్, పీహెచ్‌డీ విద్యార్థులు కూడా. మన పల్లెకు ఏం కావాలో మన పిల్లలే అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ప్రవేశ ద్వారం

ఈ చదువుకు ప్రధాన ద్వారం గేట్ పరీక్ష. ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఎలక్ట్రానిక్స్ పేపరులో 15 మార్కులు సాధారణ సామర్థ్యానికి, 13 మార్కులు గణితానికి, మిగిలిన 72 సబ్జెక్టుకు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పుకు మార్కులు కోస్తారు. జవాబును అంకెగా రాయవలసిన ప్రశ్నల్లో కోత ఉండదు. మూడవ ఏడాది విద్యార్థులు కూడా రాయవచ్చు. వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి ఒకసారి తక్కువ వచ్చిందని నిరాశ పడవలసిన పనిలేదు. ఆడపిల్లలకు దరఖాస్తు రుసుములో రాయితీ ఉంది.

గేట్ అర్హతతో ఐఐటీ, ఎన్ఐటీ వంటి సంస్థల్లో ఎం.టెక్ చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. అందుకు బదులుగా వారానికి ఎనిమిది గంటలు బోధనలోనో, ప్రయోగశాలలోనో సహాయం చేయాలి. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీల్లో గేట్ ద్వారా చేరినవారికీ ఈ సౌకర్యం ఉంది. రాష్ట్ర పీజీఈసెట్ ద్వారా చేరవచ్చు గానీ, గేట్ లేకుండా చేరితే ఈ స్టైపెండ్ ఉండదు. తండ్రి భుజం మీద భారం పడకుండా చదవగలిగే ఉన్నత విద్య ఉందని చాలా కుటుంబాలకు తెలియదు. తెలియజేయవలసిన బాధ్యత చదువుకున్నవారిది.

తర్వాత పీహెచ్‌డీకి వెళ్లేవారికి 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఉండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022-23 నుంచి నిలిపివేసింది. ఆ ఒక్క దారి మూతపడినంత మాత్రాన పరిశోధన ఆగకూడదు. సాధారణ ఫెలోషిప్‌ల కోసం అందరితో పాటు పోటీ పడటమే మన పిల్లల ముందున్న మార్గం.

కాలేజీని మీరే పరీక్షించండి

ఎం.టెక్ సీట్లు చాలా ప్రైవేటు కాలేజీల్లో ఏటా మిగిలిపోతున్నాయి. అందుకే ఇంటికి ఫోను చేసి మరీ పిలుస్తారు. హాజరు చూసుకుంటాం, ఉద్యోగం చేసుకుంటూ చదవండి అంటారు. అలాంటి పట్టా చేతికి వస్తుంది గానీ తలకు ఏమీ ఎక్కదు. చేరే ముందు తల్లిదండ్రులు, విద్యార్థులు కలిసి కాలేజీకి వెళ్లాలి. మూడు ప్రశ్నలు అడగాలి. కమ్యూనికేషన్ ప్రయోగశాలలో విద్యార్థులు సొంతంగా వాడగలిగే పరికరాలు ఏమున్నాయి? గైడ్‌గా ఉండబోయే అధ్యాపకుడు ఇటీవల ఏ పని మీద పరిశోధన చేశారు? నిరుడు చదివినవారి ప్రాజెక్టు గ్రంథాలు గ్రంథాలయంలో చూపిస్తారా? మూడవ ప్రశ్నకు తడబడే చోట రెండేళ్లు పెట్టవద్దు.

పరదేశం, అప్పు

మన కుటుంబాల్లో విదేశీ చదువు మోజు ఎక్కువ. వెళ్లడం తప్పు కాదు. కానీ ఎంత ఖర్చుతో, ఏ చదువుకు అన్నది ముఖ్యం. జర్మనీలోని చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి ఐరోపా బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి కొత్తగా చేరేవారి దగ్గర ఫీజు తీసుకుంటోంది. పైగా జీవన ఖర్చుకు ఒక ప్రత్యేక ఖాతాలో ముందుగానే డబ్బు చూపించాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని ఏడాదికి 11,904 యూరోలుగా నిర్ణయించారు. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులు తమ పట్టాల పరిశీలన పత్రం కూడా పొందాలి.

తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం మొదలైంది. మొదట 10 లక్షల రూపాయలు, తర్వాత 20 లక్షలకు పెంచారు. ఆదాయ పరిమితి, మార్కులు, భాషా పరీక్ష షరతులు ఉన్నాయి. దరఖాస్తు పెట్టేముందు ఆ సంవత్సరపు నిబంధనలు చదవాలి. వడ్డీ అప్పు తేవడానికి మనసొప్పని కుటుంబాలు మన పాఠకుల్లో ఎన్నో ఉన్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి, బంధువుల నగలు కుదువబెట్టి, పేరు కూడా వినని కాలేజీకి పంపే ముందు ఇక్కడ స్టైపెండ్‌తో చదవగల అవకాశాన్ని ఒకసారి ప్రయత్నించారా అని అడుగుతున్నాం. సలహా ఇచ్చే ఏజెంటు రుసుము ఎవరి దగ్గర నుంచి వస్తుందో కూడా అడిగి తెలుసుకోండి.

చదివాక ఏమిటి?

టెలికాం అంటే సెల్‌ఫోను కంపెనీలో ఉద్యోగం అనుకునేవారు ఉన్నారు. ఆ దారి ఇరుకైంది. 2016 తర్వాత నడిచిన ధరల పోటీలో కొన్ని కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి. ఇప్పుడు దేశమంతటా సేవలందించేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కానీ ఫోను లోపలి చిప్పును, దాని సాఫ్ట్‌వేరును తయారుచేసే సంస్థల్లో సంకేతాల గణితం తెలిసినవారికి గిరాకీ ఉంది. హైదరాబాదులోనే అలాంటి పెద్ద కేంద్రాలున్నాయి. రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల, ఈసీఐఎల్, బీఈఎల్ కూడా ఇక్కడే ఉన్నాయి. ఇస్రో, సీ-డాట్ వంటి సంస్థలున్నాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్ష ద్వారా ప్రభుత్వ టెలికాం సర్వీసులోకీ వెళ్లవచ్చు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. ఇది ఎండలో టవర్లెక్కే పని అని చదువు ఆపించేవారు ఉన్నారు. ఈ పీజీ చదివినవారి పని ఎక్కువగా కాగితం మీద, కంప్యూటరు మీద, ప్రయోగశాలలో జరుగుతుంది. మార్కుల్లో ముందుండే కూతురును బి.టెక్ దగ్గర ఆపి, వెనకబడిన కొడుకు కోసం అప్పు చేయడం న్యాయమేనా? ఇంటి పెద్దలు ఆలోచించాలి.

చివరిగా చెప్పేది ఒకటే. ఉద్యోగం దొరకలేదు కనుక ఎం.టెక్ అనేవారికి ఈ చదువు రెండేళ్ల కాలహరణం. ఇల్లు గడవడానికి జీతం వెంటనే అవసరమైతే ఉద్యోగంలో చేరడంలో చిన్నతనం ఏమీ లేదు. గేట్ తర్వాత కూడా రాయవచ్చు. కానీ మాట ఎలా ప్రయాణిస్తుంది, ఎందుకు చెడుతుంది, చెడిన మాటను తిరిగి ఎలా నిలబెట్టాలి అన్న ప్రశ్న నిజంగా కుదురుగా కూర్చోనివ్వని పిల్లవాడో, పిల్లో మీ ఇంట్లో ఉంటే ఆపకండి. ఈ ఏడాది గేట్ దరఖాస్తు వారితో పాటు కూర్చుని నింపండి.